షుగర్ క్లినిక్‌లో అడగని ప్రశ్న

సంపాదకులు గారికి,

ప్రభుత్వాసుపత్రి ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్‌లో షుగర్, బీపీ రోగులను రోజూ చూసే నర్సును నేను. పాదాల్లో తిమ్మిర్లున్నాయా, చూపు మసకబారిందా అని అడిగి కార్డులో రాస్తాం. మగవాళ్లను అంగస్తంభన లోపం గురించి మాత్రం అడగం. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు నరాలు, రక్తనాళాలు దెబ్బతిని ఈ సమస్య రావడం మామూలే. గుండెజబ్బుకు ఇది ముందుగా కనిపించే హెచ్చరిక కూడా కావచ్చు. కొన్ని బీపీ మాత్రలతోనూ వస్తుంది. ఆ మాట చెప్పుకోలేక మాత్రలే మానేసేవాళ్లున్నారు.

"మగవాళ్ల సంగతి మనకెందుకు, డాక్టరు గారు చూసుకుంటారులే" అంటారు తోటి నర్సులు. తప్పుగా అనుకుంటారేమోనన్న వాళ్ల భయం ఉత్తిదేం కాదు, వెకిలిగా మాట్లాడేవాళ్లూ తగులుతారు. కానీ ఓపీ రద్దీలో డాక్టరుకు ఆ తీరిక ఎక్కడిది? ఒక పెద్దాయనను, కొడుకు మందుల వరుసలో ఉన్నప్పుడు, "షుగర్ ఉన్న చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుందండీ, మీకూ ఉందా?" అని అడిగాను. తల దించుకునే, మెడికల్ షాపులో తెచ్చుకుంటున్న మాత్ర పేరు చెప్పారు. అది సిల్డెనాఫిల్, అంగస్తంభన కోసం వేసుకునే మాత్ర. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషాయన! ఆ రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

గర్భిణులు, బాలింతల గురించి మాకు నర్సింగ్‌లో ప్రత్యేకంగా ఒక సబ్జెక్టే ఉంది. ఈ విషయంలోనూ శిక్షణ ఇవ్వాలి. ఎన్‌సీడీ కార్డులో ఈ ప్రశ్నకు ఒక గడి, మాట్లాడటానికి తలుపున్న గది, రోగి కోరితే మగ నర్సు ఉండేలా వైద్యారోగ్య శాఖ చూడాలి.

– ఒక స్టాఫ్ నర్సు, కర్నూలు జిల్లా