మెత్తటి లైనింగుతో పాటు ఒక చీటీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. మలికిపురం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. కింది దవడ అరిగిపోవడంతో కట్టుడు పళ్లు చిగురుకు ఒరుసుకుని పుళ్లు పడేవి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి గోదావరి అవతల ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, సెట్టు లోపలివైపు మెత్తటి లైనింగ్ వేశారు. చాలా కాలానికి అమ్మ కొబ్బరి పచ్చడి కలుపుకుని కడుపునిండా అన్నం తింది.

నాలుగు నెలలకే లైనింగ్ బిరుసెక్కింది. అంచు లేచి, దాని కింద నల్లటి చారలు, వాసన. మళ్లీ వెళ్తే "దేంతో కడుగుతున్నారు?" అని అడిగారు. అమ్మ రోజూ సెట్టును బాగా మరిగిన నీళ్లలో వేసి, గట్టి బ్రష్షుతో పేస్టు పెట్టి తోముతోంది. శుభ్రంగా ఉంచుకుంటున్నాననే అనుకుంది పాపం. అలా చేయకూడదని మొదటిరోజు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అసలు తప్పంతా కడగడంలోనే లేదని తర్వాత తెలిసింది. యాక్రిలిక్ రకం లైనింగ్‌ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ నోట్లో తడికి మెల్లగా బయటికి పోతుంది. ఎంత జాగ్రత్తగా వాడినా అది కొన్నాళ్లకు గట్టిపడుతుంది, మార్పించుకోవాల్సిందే. సిలికాన్ రకం ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది కానీ, సెట్టుతో దాని అతుకు అంచుల దగ్గర ఊడే అవకాశం ఉంది. పుండు మానేందుకు వేసే టిష్యూ కండిషనర్ అనే తాత్కాలిక మెత్తటి పొర అయితే కొద్ది రోజులకే మార్చాలి. శుభ్రం సరిగా లేకపోతే వేటికైనా ఫంగస్ పడుతుంది. నీళ్లలో వేస్తే పొంగే మాత్రలు, బ్లీచింగ్ ద్రావణం కూడా అన్ని రకాలకూ పడవు. అమ్మ నోట్లో ఉన్నది ఏ రకమో ఆ నాలుగు నెలలూ మాకు తెలియదు.

కోనసీమలో పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండి, పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఎన్నో. డాక్టరు గారు నోటితో చెప్పినా వాళ్లకు ఇంటికి వచ్చేసరికి ఎంత గుర్తుంటుంది? అందుకే దంత వైద్యులందరినీ వేడుకుంటున్నాను. లైనింగ్ వేసిన రోజే తెలుగులో ఒక చీటీ ఇవ్వండి. ఏ రకం, ఏ తేదీన వేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి, దేంతో కడగాలి, రాత్రి తీసి చల్లటి నీళ్లలో ఉంచాలా అన్నది అందులో ఉండాలి. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లోని దంత విభాగాలు దీన్ని ముందుగా మొదలుపెడితే మిగతావాళ్లూ అనుసరిస్తారు. అక్షరాలు మాత్రం పెద్దవిగా వేయించండి. మా అమ్మకు కళ్లజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు ఆనవు.

— ఒక పాఠకురాలు, రాజోలు