అమ్మలుకి, కార్తీక పౌర్ణమికి ముందు

చి॥ అమ్మలుకి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలిసి పదకొండు రోజులైంది.

ఫోనులో రాస్తే పైపైన చూసి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను. తమ్ముడు ఫొటోలు తీసి పంపుతానన్నాడు. వాడు పంపిన మెసేజీలకి ఇంకా ఒక్క టిక్కే ఉంది. అక్కడ థాయ్‌లాండ్‌లో వానలకి కరెంటు పోయి ఉంటుందని అమ్మకి వాడే సర్దిచెప్పాడు. అమ్మ సరేనంది గానీ రాత్రి రెండుసార్లు లేచి ఫోను చూసింది.

కాలవ అవతలి తోటలో కొబ్బరి దింపు అయింది. మనుషులు దొరక్క మళ్లీ సూరన్నే ఎక్కాడు, ఆ వయసులో. మీ పక్కనున్న సముయి దీవిలో కోతులు కాయలు దింపుతాయని, కాయ తెగిందాకా చేతుల్తో తిప్పుతూనే ఉంటాయని చెప్పావు కదా. అది విన్నప్పటినుంచి సూరన్న ఒకటే అడుగుతున్నాడు, ముదురు కాయేదో లేత కాయేదో దానికెలా తెలుస్తుందండీ అని. కనుక్కుని చెప్పు, వాడికి రోజూ అదే ధ్యాస.

శనివారం టీ కొట్టు దగ్గర బుల్లబ్బాయిగారి రెండోవాడు ఫోనులో నీ ఫొటో చూపించాడు. నీతో ఉండే పిల్లెవరో పెట్టిందట. మొహం మీద మెరిసే రంగులు, చేతిలో చిన్న ప్లాస్టిక్ బకెట్టు, అందులో నాలుగు స్ట్రాలు. వెనకాల ఇసుక కనపడకుండా జనం. వాడు ఆ బకెట్టు గురించి నలుగురిలో ఏదో అన్నాడు. దాని సంగతి నేను అడగను. నీకు ఇరవై ఏడేళ్లు. నేను చూసింది నీ ఎడమ మోకాలు. దానికి కట్టుంది.

సరే, అది అలా ఉంచు. నువ్వు వెళ్లినప్పటినుంచి నువ్వున్న ఆ కో ఫంగాన్ దీవి గురించి తమ్ముడి చేత చదివించుకుంటున్నాను. కొండలూ కొబ్బరితోటలూ ఉన్న లంక అని అర్థమైంది. థాయ్ రాజు ఐదో రామ, అంటే చులాలాంగ్‌కార్న్ రాజుగారు, 1888లో మొదటిసారి వచ్చి థాన్ సదెత్ జలపాతం చూసి, ఆ చోటు మీద ఇష్టంతో మళ్లీ మళ్లీ వచ్చి, అక్కడి రాళ్ల మీద తన పేరులోని అక్షరాలు చెక్కించారట. నువ్వు అది చూశావా? హాద్ రిన్ తీరంలో ఇసుక మాత్రం చూశావు. పున్నమి రాత్రి సంబరానికి అక్కడికి 10 వేల నుంచి 30 వేలమంది దాకా చేరతారని చదివాడు తమ్ముడు. మండుతున్న తాడు తిప్పుతుంటే జనం గెంతుతారట కూడా. నువ్వు ఆ తాడు దగ్గరికి పోలేదు కదా? ఆ కట్టు కాలిన కట్టా, పడిన కట్టా?

విమానాశ్రయం సముయిలో ఉంది గానీ మీ దీవిలో లేదు. పెద్ద దెబ్బయితే పడవెక్కి సముయికే పోవాలి. ఈశాన్య రుతుపవనాలు మనకెలాగో మీ వైపు సముద్రానికీ అలాగే, మీకు నవంబరులోనే వాన ఎక్కువ. అలలు లేస్తే పడవలు ఆపేస్తారు. అప్పుడేం చేస్తావు? అందుకే బండి మీద హాద్ రిన్ వెళ్లకు. థాంగ్ సాలా రేవు నుంచి ఆ దారి కొండల మీద ఎక్కుడూ దిగుడూనట, మలుపుల్లో ఇసుక ఉంటుందట. జీపులూ టాక్సీలూ ఉన్నాయి కదా, నలుగురితో ఎక్కు. తప్పక నడపాలంటే హెల్మెట్టు పెట్టుకో, అంతర్జాతీయ పర్మిటు దగ్గర పెట్టుకో, అది లేకపోతే ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వరు. బండి అద్దెకిచ్చేవాళ్లకి పాస్‌పోర్టు తాకట్టు పెట్టకు. ఆ సారా బకెట్టు ఒకసారి చేతిలోంచి కింద పెడితే మళ్లీ ఎత్తకు, ఎవరేం కలుపుతారో తెలీదు. 1155 టూరిస్టు పోలీసులది, 1669 అంబులెన్సుది. రెండూ ఫోనులోనే కాదు, చీటీ మీద కూడా రాసి పెట్టుకో. ఉపన్యాసం వద్దనుకునే మొదలుపెట్టాను గానీ చేయి ఆగలేదు.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. అమ్మకీ తెలీదు.

1985లో మాఘ పౌర్ణమి. అంతర్వేదిలో స్వామి కల్యాణం, రథం అయిపోయాక సముద్ర స్నానాలకి జనం దిగే రోజు. నేనూ, సత్తి బాబాయీ, రాంపండూ సైకిళ్ల మీద వెళ్లాం. నాకు పంతొమ్మిది. చేతికి మీ తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ, అడక్కుండా పెట్టుకొచ్చాను. పగలంతా తీర్థంలో తిరిగాం, సాయంత్రం తాటితోపులో కల్లు తాగాం. చంద్రుడు నడినెత్తికొచ్చాక జనం లేనిచోట నీళ్లలోకి దిగాం. సముద్రం పాలు పోసినట్టుంది. మోకాళ్ల లోతులో నిలబడితే అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక గుల్ల చేసుకుంటూ పోతోంది. అది చక్కిలిగింతగా ఉంది, నవ్వుకుంటున్నాం. తర్వాతి అలకి నాకు కాలందలేదు. ఒడ్డు మీద పెట్రోమాక్సు లైట్లు కనపడుతున్నాయి. వాటికేసి ఎంత ఈదినా అవి దూరమవుతున్నాయి. పౌర్ణమికి పోటెక్కువని పుట్టినప్పటినుంచి వింటున్నవాణ్ణే, కల్లు అదంతా మరిపించింది. సత్తి అరుపులు విని వల ఆరేసుకుంటున్న మనిషొకడు పరిగెత్తుకొచ్చాడు. "ఒడ్డుకేసి కాదురా, పక్కకి ఈదు, పక్కకి!" అని కేకేశాడు. ఆ మాట చెవిన పడబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్కకి తిరిగి ఈదితే లాగుడు తగ్గింది. ఆయనే నడుం లోతుకి వచ్చి జుట్టు పట్టుకుని లాగాడు. ఇసుకలో కూర్చోబెట్టి చెంప మీద ఒక్కటిచ్చి, "ఇంటికాడ అమ్మ లేదా నీకు?" అన్నాడు. తర్వాత తన తలగుడ్డ విప్పి నా ఒళ్లు తుడిచాడు. పేరు అడగాలని కూడా తోచలేదు.

వాచీ పోయింది. తీర్థంలో ఎవరో కొట్టేశారని తాతయ్యకి చెప్పాను. ఆయన పోయేదాకా అంతర్వేది దొంగల్ని తిడుతూనే ఉన్నారు.

ఆ లాగుడు అక్కడా ఉంటుంది. ఎర్రజెండా ఉంటే దిగకు, రాత్రి దిగనే దిగకు. కుట్టే జెల్లీ చేపలున్నాయని ఒడ్డున స్తంభాలకి వెనిగరు సీసాలు కడతారట. అవెక్కడున్నాయో పగలే చూసిపెట్టుకో.

మాఘపూజ, విశాఖపూజ, ఆషాఢపూజ రోజుల్లో మాత్రం బుద్ధుడి మీద గౌరవంతో ఆ పున్నమి సంబరాన్ని వేరే రోజుకి మారుస్తారని విని నాకు వాళ్ల మీద మంచి అభిప్రాయం కలిగింది. వచ్చే పున్నమికి మనది కార్తీకం, వాళ్లది లోయ్ క్రథోంగ్ పండుగ. అరటి బోదె ముక్కకి ఆకు మడతలు గుచ్చి, పువ్వులు, కొవ్వొత్తి, మూడు అగరొత్తులు పెట్టి నీళ్లలో వదులుతారట. నీళ్లని ఇన్నాళ్లు వాడుకున్నందుకు 'మే ఖోంగ్‌ఖా'ని, అంటే గంగమ్మనే, క్షమించమని అడుగుతారట. అమ్మకి చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకుంది. ఆ దేశంలో కూడా గంగమ్మే ఉందా అంది. నీ పేరున కూడా 365 వత్తులు చేసి నేతిలో నానబెడతానంటోంది.

హాద్ రిన్ ఎలాగూ వెళ్తావు, వెళ్లు. ముందు ఆ దీపం వదిలి వెళ్లు. అక్కడ మనకంటే ఇంచుమించు గంట ముందు చీకటి పడుతుంది కాబట్టి మేం కాలవ రేవుకి వెళ్లేలోపే నువ్వు ఫోను చెయ్యొచ్చు. తమ్ముడు చార్జింగ్ పెట్టి చేత్తో పట్టుకుని కూర్చుంటాడు. కట్టు ఎవరు కట్టారో, టీటీ ఇంజెక్షను చేయించుకున్నావో లేదో మొదట చెప్పు, మిగతావి తర్వాత. డబ్బు కావాలంటే దింపు డబ్బు చేతిలోనే ఉంది.

దీపాన్ని మాత్రం మెట్టు మీద కూర్చుని వంగి వదులు. నీళ్లలో దిగకు, కట్టు తడుస్తుంది.

ఇట్లు,
నాన్న