సముద్రంలో గ్యాస్, ఒడ్డున అర్జీ: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో కాలువ పూడిక, తుపాను షెల్టరు, కంటి శిబిరం ఉంటాయి. ఈసారి వాటిని ముందే ముగించేస్తాను. పూడిక సగమే తీశారు, గుర్రపుడెక్క మళ్లీ కమ్మేసింది. షెల్టరు తలుపుకి కొత్త గొళ్లెం పడింది. శిబిరం జరిగింది. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు. మిగతా ఏడాదంతా మనం గ్యాస్ మీద పన్ను గురించి, అందులో ఒడ్డున ఉన్న ఊరికీ వాటా కావాలని పెట్టిన అర్జీ గురించే కొట్టుకున్నాం.

2024 జులై 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి తీర్పిచ్చింది. ఖనిజం తవ్వుకున్నందుకు కట్టే రాయల్టీ అనేది పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని ఎనిమిదిమంది ఒక్కమాట మీద అన్నారు. పేపరు చూసి మనవాళ్లు "ఇంకేం, ఓడలరేవు దగ్గర ఒడ్డెక్కే సముద్రం గ్యాస్ డబ్బు ఇక మన రాష్ట్రానికే" అనేశారు. నేనూ అలాగే అనుకున్నాను, దాచడమెందుకు. తర్వాతి ఆదివారం మన మాస్టారు రామాలయం అరుగు ముందు ఇసకలో కొబ్బరీనెతో గీత గీశారు. గీతకి ఇవతల, పాశర్లపూడి లాంటి చోట భూమి మీద గ్యాస్ బావి అయితే రాయల్టీ రాష్ట్రానికి. గీత దాటి నీళ్లలో అయితే, రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం అడుగున ఉన్నదంతా కేంద్రానిది, రాయల్టీతో సహా. ఈ తీర్పు ఆ గీతని చెరపలేదు.

"గీత సరేనండి మాస్టారూ, పైపు మా చెరువు గట్టు పక్కనుంచేగా ఒడ్డెక్కింది. దానికేం గీత లేదా?" అని ఒక సభ్యురాలు అడిగారు. మాస్టారు ఈనె కింద పడేశారు.

ఆ తర్వాత పార్లమెంటు గొడవ. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టానికి సవరణ బిల్లు డిసెంబరు 3న రాజ్యసభలో, 2025 మార్చి 12న లోక్‌సభలో పాసయింది. 'మైనింగ్ లీజు' పోయి 'పెట్రోలియం లీజు' వచ్చింది. రాష్ట్రాల హక్కులకి గండి కొడుతున్నారని ప్రతిపక్షం, లీజులూ రాయల్టీ రాష్ట్రాలకి ఎప్పట్లాగే ఉంటాయని మంత్రి హర్‌దీప్ సింగ్ పురి. పాత చట్టంలో తప్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జైలు తీసేసి జరిమానాని 25 లక్షల దాకా పెంచారు. వెయ్యి రూపాయలు! చమురు కంపెనీకి!

మన సభ్యుడొకాయన అబ్బాయి పెర్త్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తే పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. ఆస్ట్రేలియాలో సముద్రం గ్యాస్ మీద ప్రత్యేక పన్ను 40 శాతమట. కాకపోతే అమ్మకం మీద కాదు, ఖర్చులు పోను మిగిలిన లాభం మీద. పాత ఖర్చుల్ని ఏళ్ల తరబడి చూపించుకుంటూ పోవచ్చు. 2024లో అక్కడి పార్లమెంటు ఎల్‌ఎన్‌జీ (గ్యాస్‌ని చల్లబరిచి ద్రవంగా మార్చే) ప్రాజెక్టులకి ఆ ఖర్చుల మినహాయింపు ఏడాది ఆదాయంలో 90 శాతం దాటకుండా కట్టడి చేసింది. గ్రీన్స్ పార్టీ ఇది చాలదంది, ప్రభుత్వం ప్రతిపక్షం సాయంతో గట్టెక్కింది. ఇది విని మన పెద్దాయనొకరు "ఖర్చులు పోను మిగిలితే శిస్తు ఇస్తానంటే ఏ ఆసామి కౌలుకిస్తాడ్రా?" అన్నారు. మన కృష్ణా-గోదావరి తీరంలో రిలయన్స్ గ్యాస్ బ్లాకు కేజీ-డీ6 తగువూ దాదాపు ఇదే. పెట్టుబడి రాబట్టుకున్నాకే ప్రభుత్వానికి పెద్ద వాటా అన్న ఒప్పందం అది. ఆ ఖర్చుల తీరునే 2011లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. 2016 విధానంలో కొత్త బ్లాకులకి ఆదాయంలోనే వాటా పెట్టారు గానీ, లోతు సముద్రంలో మొదటి ఏడేళ్లు రాయల్టీ లేదు.

కేంద్రం, రాష్ట్రం, కంపెనీ. పంపకమంతా ఈ ముగ్గురి మధ్యే. ఒడ్డునున్న ఊరికి ఇందులో కుర్చీ లేదు. బొగ్గు, ఇనుము తవ్వే చోట అక్కడి జనం కోసం 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. రాయల్టీలో 10 నుంచి 30 శాతానికి సమానమైన సొమ్ము దానికి అదనంగా కట్టాలి. చమురు, గ్యాస్ ఆ నిధి పెట్టిన గనుల చట్టంలోకే రావు. మన అర్జీలో అడిగింది అలాంటి నిధే.

అర్జీ రాసేటప్పుడు మనలో మనకే పడలేదు. పైపులైను పనులప్పుడు ఇచ్చిన నెలకు 11,500 లాంటి పరిహారమే కావాలని వేటకెళ్లే సభ్యులు. మంచినీళ్లు, ఏటిగట్టు ముందని కొబ్బరి రైతులు. రెండు మీటింగులు అరుపులతోనే పోయాయి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండడం, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలుడు చూసినవాళ్లు చివరికి రాజీ చేశారు. నిధి ఏ పేరుతో వచ్చినా ప్రమాదం జరిగిన రోజున చేతికందాలన్నది వాళ్ల మాట. దాన్నే మొదటి పేరాగా పెట్టాం. నా మటుకు నాకు నెలనెలా డబ్బు కంటే అదే మేలనిపించింది. వేటకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు.

ఒక ఆఫీసు మన అర్జీని తారీఖు వెయ్యలేదని తిప్పి పంపింది. తప్పు నాదే. రెండో ప్రతిని మార్చి చివర్లో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది, దాని మీద సంతకం ఎవరిదో చదవడం మాత్రం ఎవరివల్లా కాలేదు. మినిట్స్ పుస్తకంలో అంటించాను.

కార్యదర్శి