మంత్రిగారూ, షుగరు బార్డర్‌లో ఉన్నవాళ్లను ఏ గడిలో రాస్తారు?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, కోవూరు పక్కన ఒక పల్లె. పెన్నా కాలవ కింద నాలుగెకరాల వరి. నా వయసు 47. తాగుడు లేదు, బీడీ లేదు, పొట్ట కూడా పెద్దగా లేదు. ఈ చివరి మాట ఎందుకు రాశానో ముందుకుపోతే మీకే తెలుస్తుంది.

పోయినేడు నార్లు పోసే రోజుల్లో మా ఊరి రామాలయం అరుగు మీద షుగరు, బీపీ పరీక్షలు పెట్టారు. పొద్దున నాలుగు కారం దోసెలు తిని, మడి దగ్గరకు పోయొస్తూ అట్నుంచి అటే పోయి కూర్చున్నా. ఏఎన్ఎం అమ్మాయి వేలికి సూది పొడిచింది. మిషన్లో 132 పడింది. "నూట నలభై లోపే ఉండాది మామా, నీకు షుగర్ లేదు, పో" అనింది. ఆ అమ్మాయి చేతిలో ఉన్న కాగితంలో నాకు కనిపించినవి రెండే గడులు: ఉంది, లేదు. నా పేరుకెదురుగా లేదు దగ్గర టిక్కు పడింది. ఆ సంతోషంలో మధ్యాహ్నం ఇంకో గరిటె ఎక్కువే తిన్నా.

ఏడు నెలల తర్వాత మోకాలి నొప్పికని నెల్లూరు పోతే, అక్కడ డాక్టరుగారు రక్తం తీయించారు. పరగడుపున 116. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. "బార్డర్‌లో ఉన్నావయ్యా" అన్నారు. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉన్నా, ఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా బార్డరే. ఇప్పటికి మాత్ర అక్కర్లేదు, పళ్లెం మార్చుకో అన్నారు.

ఏఎన్ఎం అమ్మాయిది ఏ తప్పూ లేదు. ఆమెకు చెప్పిన పని ఆమె చేసింది. తిన్న తర్వాత 132 అనేది నిక్షేపంగా ఉన్నవాడికీ వస్తుంది, నాలాంటివాడికీ వస్తుంది. ఆ ఒక్క అంకె మా ఇద్దరినీ విడదీయలేదు.

నాలాంటివాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ఇండియాబ్ సర్వే 2023లో బయటికొచ్చింది. దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, బార్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. అంటే రోగులకంటే గడప మీద నిలబడ్డవాళ్లే ఎక్కువ. వీళ్లలో లావుపాటివాళ్లే ఉంటారనుకోవద్దు. మన జాతికి సన్నగా కనిపించినా లోపల కాలేయం చుట్టూ కొవ్వు పడుతుందంట. అందుకే మనకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 దాటగానే జాగ్రత్త పడమంటారు. నన్ను చూసి మా బామ్మర్ది "నీకేందిరా బావా, పుల్ల మాదిరి ఉండావు" అంటాడు.

గడప మీద ఉన్నవాణ్ని వెనక్కి లాగొచ్చని మనకు పొరుగున ఉన్న చెన్నైలోనే తేల్చారు. 2006లో ఫలితాలొచ్చిన ఆ పరిశోధనలో 531 మంది బార్డర్‌వాళ్లను తీసుకున్నారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో మూడేళ్లకు నూటికి 55 మంది షుగరులోకి జారారు. తిండి, నడక మార్పించి వెంటబడి చూసినవాళ్లలో 39 మందే. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్లకూ దాదాపు అంతే మేలు జరిగింది. వెంటబడటమే అక్కడ మందు. నన్ను ఎవరూ వెంటబడలేదు, ఎందుకంటే నేను 'లేదు' గడిలో ఉన్నా.

ఇక పళ్లెం సంగతి. మా ఇంట్లో నలుగురికి పూటకు రెండు సోలల బియ్యం పడేవి. పొద్దున ఇడ్లీ, దోసె అన్నా అదీ బియ్యమే, రాత్రికి మళ్లీ అన్నం. నేనో మిషన్ కొనుక్కుని, తిన్న రెండు గంటలకు చూసుకోవడం మొదలుపెట్టా. ఎప్పటి మాదిరి గుట్టంత అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ: 171. ఇంకో రోజు అదే బియ్యం, సగానికి సగం; ముందు సొరకాయ కూర, పప్పు తిని, తర్వాత చేపల పులుసుతో అన్నం: 134. ఒక మనిషి రెండు రోజుల లెక్కను పరిశోధన అనరని నాకు తెలుసు. కానీ మా ఆవిడకు ఏ పుస్తకమూ చెప్పలేనంత ఆ రెండంకెలు చెప్పాయి. మర్నాటి నుంచి సోలన్నర కొలుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు, చిన్నోడు తప్ప.

కొర్రలకు మారమని అందరూ చెబుతారు. ప్రకాశం జిల్లా మెట్టవాళ్లు తాతల నాడు తిన్నవే, ఇప్పుడు సూపర్ మార్కెట్లో పాకెట్లయ్యాయి. మంచివే, పీచుంటుంది. అయితే అదే ఇండియాబ్ వాళ్లు 2025లో తిండి మీద ఇచ్చిన లెక్క చూడండి. మనవాళ్ల కెలోరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. పిండి మొత్తం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు చిరుధాన్యాలో గోధుమలో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనపడలేదు. పిండిలోంచి కొంచెం తీసి ఆ చోట పప్పో పాలో పెరుగో పెడితే తగ్గుతున్నట్టు కనపడింది. కుండెడు బియ్యం పోయి కుండెడు కొర్రలొస్తే కుండ మారదు కదా! వరి పండించేవాణ్ని నేనే ఈ మాట రాస్తున్నా, మా పక్కచేను వాళ్లు చదివితే ఏమంటారో.

అందుకే చౌక దుకాణం మాట ఎత్తాల్సి వస్తోంది. అది మీ శాఖ కాదని తెలుసు. కార్డుకు బియ్యం నెల తప్పకుండా వస్తాయి. కందిపప్పు మాత్రం మా ఊరికి ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు ఎర్రనేలల నిండా కందే. ఆ పప్పు పక్క జిల్లా పళ్లెంలోకి రావడానికి దారి ఎందుకు దొరకదో పౌర సరఫరాల మంత్రిగారిని మీరు ఒకసారి అడగండి.

మీ శాఖ చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. పరీక్షల ముందురోజు ఆశా కార్యకర్తతో ఇంటింటికీ చెప్పించండి, పరగడుపున రమ్మని. తెల్లారి ఆరున్నరకే మొదలుపెట్టండి, ఎందుకంటే పది దాకా ఏమీ తినకుండా ఉండమంటే మడికి పోయే మనిషి వినడు. వచ్చిన అంకెను చీటీ మీద రాసి చేతికివ్వండి. 'లేదు' అని నోటిమాట చెప్పి పంపొద్దు. 100 దాటినవాడి పేరు వేరే గడిలో రాసి, ఆరు నెలలకు మళ్లీ పిలిపించండి. పిలిచినప్పుడు వాడి భార్యను కూడా రమ్మనండి, సోల ఆమె చేతిలో ఉంటుంది.

మొన్న మళ్లీ చూపించుకున్నా. ఏ1సీ 5.9కి దిగింది. బార్డరులోంచి ఇంకా బయటపడలేదు. మా వీధిలో నా వయసువాళ్లు పదకొండు మంది ఉన్నారు, అందరికీ ఆ రోజు అరుగు మీద 'లేదు' అనే చెప్పారు. వాళ్లలో ముగ్గుర్ని పరగడుపున మా ఇంటికి రమ్మన్నా, నా మిషన్‌తో చూస్తానని. మిగతావాళ్లకు సరిపోయేన్ని స్ట్రిప్పులు నా దగ్గర లేవు.

ఇట్లు,
కోవూరు మండలం నుంచి ఒక వరి రైతు