మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: రంగం బొమ్మలు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నియమావళి ప్రకారం కార్యదర్శిగా ఈ నివేదిక మీ ముందు పెడుతున్నాను. మన సంఘం ఎందుకు పుట్టిందో బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పట్టాలు, ధ్రువపత్రాలు, పెద్దవాళ్ల పింఛన్ల కోసం ఈ ఏడాది కూడా తిరిగాం. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు డిసెంబరు 22, ఆదివారం నాడు మన రామకోవెల దగ్గర పిల్లలూ పెద్దలూ కలిసి బొమ్మలు గీసిన ‘బొమ్మల రోజు’ గురించి రాయాలి. ఆ రోజు రాని సభ్యులే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ఆలోచన మన కాలనీ అల్లుడు, రిటైరైన డ్రాయింగు మాస్టారిది. ఉక్రెయిన్, గాజా, సూడాన్ వార్తలు టీవీలో చూసి మనవలు ఏవో అడుగుతున్నారని, వాళ్లకి జవాబు చెప్పగలిగిన మనుషులు మన అరుగుల మీదే కూర్చుని ఉన్నారని ఆయన కార్యవర్గ సమావేశంలో అన్నారు. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చిన వాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్య సమితి లెక్క. ప్రతి పది మందిలో నలుగురు పిల్లలే. మన మామ్మలు, తాతలు కూడా ఒకప్పుడు అలాంటి పిల్లలే.

తేదీ కూడా చూసే పెట్టాం. రంగం (అప్పటి బర్మా రాజధాని రంగూన్) మీద మొదటిసారి జపాన్ బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. మర్నాటికి సరిగ్గా 83 ఏళ్లు. ఆ రోజు విమానాలు వస్తుంటే ఏమిటో తెలియక జనం వీధుల్లో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారని మన పెద్దలు చెప్పేవారు.

మాస్టారు వేరే దేశాల కాందిశీక పిల్లల బొమ్మలు కలర్ జిరాక్సులు తీయించి కోవెల స్తంభాలకి దండేలు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. ఒక్కోదాని దగ్గర ఆగి కథ చెప్పారు. 1936 నుంచి 39 దాకా స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరిగినప్పుడు ఊళ్లు వదిలిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి బొమ్మలు వేయించారు. ఆ బొమ్మల్లో విమానాలు ఇళ్లకన్నా పెద్దవి, మనుషులు చీమలంత. తర్వాత చెక్ దేశంలోని తెరెజిన్. నాజీలు యూదుల్ని పెట్టిన ఆ నిర్బంధ పట్టణంలో ఫ్రీడల్ డికర్ బ్రాందైస్ అనే చిత్రకారిణి పిల్లలకి రహస్యంగా బొమ్మలు నేర్పింది. ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించేది. 1944లో ఆమెను ఆష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకుపోయి చంపేశారు. పిల్లల్లో కూడా ఎక్కువమంది మిగల్లేదు. రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు నాలుగున్నర వేల బొమ్మలు మాత్రం మిగిలాయి. వాటిలో పూలున్నాయి, సీతాకోకచిలుకలున్నాయి. హిరోషిమాలో బాంబు పడిన చోటికి అర కిలోమీటరు లోపే ఉన్న హొంకావా బడి పిల్లల సంగతీ చెప్పారు. యుద్ధం అయ్యాక అమెరికాలోని ఒక చర్చి వాళ్లు పెన్సిళ్లు, రంగులు పంపితే, ఆ పిల్లలు ఆటల బొమ్మలు, చెర్రీ పూల బొమ్మలు వేసి తిరిగి పంపారట.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది సూడాన్‌లోని డార్ఫూర్ నుంచి పారిపోయిన పిల్లల సంగతి. 2007లో చాద్ దేశపు శిబిరాల్లో ఉన్న పిల్లలకి కాగితాలు, పెన్సిళ్లు ఇచ్చి, బాగా గుర్తున్నది గీయమన్నారు. తగలబడే ఇళ్లు, తుపాకులు పట్టుకున్న మనుషులు, ఎగిరే హెలికాప్టర్లు గీశారు. ఆ బొమ్మల్ని అంతర్జాతీయ నేర న్యాయస్థానం నేపథ్య సాక్ష్యంగా తీసుకుంది. ఇది విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. అక్కడ కోర్టు పిల్లల బొమ్మని రుజువు కాగితం కింద లెక్కేసింది. ఇక్కడ ఒక కార్యాలయంలో మన మామ్మని 1942లో ఏ ఓడలో వచ్చావు, టికెట్టు చూపించు అని అడిగారు. ఆమె నడిచి వచ్చింది.

తర్వాత అందరికీ డ్రాయింగు షీట్లు, క్రేయాన్లు పంచాం. నలభై ముగ్గురు పిల్లలు, పదకొండు మంది పెద్దలు కూర్చున్నారు. పెద్దలు మొదట ఒప్పుకోలేదు. జన్మలో పెన్సిలు పట్టలేదన్నారు. పిల్లలే క్రేయాన్లు చేతుల్లో పెట్టారు.

తొంభై దాటిన ఆ మామ్మ స్పెయిన్ పిల్లల విమానాల దగ్గర చాలాసేపు నిలబడి, ‘ఇవే వచ్చాయి’ అంది. తను మాత్రం విమానం గీయలేదు. కాగితం పొడుగునా నిలువు గీతలు, జతలు జతలుగా గీసింది. చెట్లనుకున్నాం. కాదట, కాళ్లు. బర్మాలోని ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగప్ దాకా నడిచిన దారిలో ఆమెకి మనుషుల ముఖాలు గుర్తు లేవు. ‘ముందు నడిచే కాళ్లు చూసుకుని నడువు, పక్కకి చూడకు అంది మాయమ్మ. కాళ్లే చూశాను’ అంది. వరస చివర రెండు చిన్న గీతలు అడ్డంగా ఉన్నాయి. అవేమిటని ఎవరూ అడగలేదు. అమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడని తనకి ఆ రోజే తెలిసిందని వారం పోయాక ఆమె కొడుకు నాతో అన్నాడు. ఆయనకి అరవై దాటాయి.

1965లో తొమ్మిదేళ్ల వయసులో ఓడలో విశాఖపట్నం వచ్చిన తాత ఒకరు వాళ్లమ్మ ముఖం గీశారు. చెవులు బాగా పెద్దవి. తమ్మెలకి కన్నాలున్నాయి, కమ్మలు లేవు. రేవులో ఓడ ఎక్కే ముందు తీయించేశారట. అంతకు ముందే, 1964లో, బర్మా ప్రభుత్వం యాభై, వంద నోట్లు చెల్లవంది. అంగళ్లు జాతీయం చేసింది. వాళ్ల నాన్న చేతిలో మిగిలింది ఏమీ లేదు. ఆ కమ్మలు ఉంటే అని ఆయన ఏదో చెప్పబోయి ఆపేశారు.

మధ్యాహ్నం ‘శాంతి’ గీయమన్నాం. పొద్దున్న ఇదే అడిగినప్పుడు పిల్లలు బడిలో నేర్పిన తెల్ల పావురాలు, జెండాలు గీశారు. పెద్దల బొమ్మలు చూశాక వాళ్ల చేతులు మారాయి. ఒకడు పొగ వస్తున్న పొయ్యి మీద చోడి అంబలి కుండ గీశాడు. అయిదో తరగతి పాప ఒక ఇంటి గుమ్మం, గుమ్మం ముందు వరసగా ఏడు జతల చెప్పులు గీసింది. ఏమిటమ్మా అంటే, ‘అందరూ ఇంట్లోనే ఉన్నారు’ అంది. కమ్మల తాత ఇల్లు గీసి దాని మీద డోరు నంబరు వేశారు. ఆయన పట్టా అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.

పిల్లల హక్కుల ఒడంబడికలో మాటతో, రాతతో పాటు కళ ద్వారా కూడా తన మనసు చెప్పుకునే హక్కు పిల్లలకి ఉందని రాసి ఉందట. మన దేశం 1992లో దాన్ని ఒప్పుకుంది. మన మామ్మకి ఆ అవకాశం తొంభై దాటాక వచ్చింది.

ఇక బాధ కలిగించిన విషయాలు కూడా రాయాలి. పని చేస్తామని పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. వచ్చింది అయిదుగురు. ముసురు పట్టిందని కొందరు ఫోన్లో చెప్పారు. అదే ముసురులో మామ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం పిల్లల్ని ఒంటిగంట దాకా ఆకలితో కూర్చోబెట్టాం. ఆ తప్పు నాది, ఇక అలా చేయను. ఆయన రాలేదు, ఫోనూ ఎత్తలేదు. బొమ్మలు ప్రదర్శనకి పెట్టుకుంటామని రెండు చోట్ల అడిగాం. ఇప్పటిదాకా జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. క్లుప్తంగా చెప్పాలంటే చందాలు సగమే వసూలయ్యాయి, బొమ్మల రోజు ఖర్చు దాతల సొమ్ముతో గడిచింది, లోటు లేదు. ధ్రువపత్రాల కోసం పెట్టిన అర్జీల్లో నాలుగు తేలాయి, మిగతావి తిరుగుతున్నాయి. ఈ ఏడాది ముగ్గురు పెద్దల్ని పోగొట్టుకున్నాం. ముగ్గురూ రంగంలో పుట్టినవాళ్లే. వాళ్ల చేత ఒక్క గీతైనా గీయించలేకపోయాం.

మాస్టారికి, జిరాక్సులు సగం ధరకే తీసిన కుర్రాడికి, షామియానా ఉచితంగా వేసిన వారికి, పులిహోర వండిన మహిళా సభ్యులకి, కోవెల తెరిచి ఇచ్చిన పూజారి గారికి, మైకు సెట్టు మోసుకొచ్చిన ఇద్దరు ఇంటర్ పిల్లలకి, వర్షంలో షీట్లు తడవకుండా చీరలు అడ్డం పట్టిన అక్కలకి సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం. వచ్చిన ఆ అయిదుగురు కార్యకర్తల పేర్లు మినిట్స్ పుస్తకంలో రాయించాను.

బొమ్మలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి సంఘం బీరువాలో ఉంచాం. ప్రతి దాని వెనకా గీసినవారి పేరు, పెద్దల బొమ్మల వెనక రంగం విడిచిన ఏడాది కూడా రాశాం. ఇంట్లో మంచం దిగలేని పెద్దలున్న వాళ్లు మాకు చెబితే మాస్టారు, నేను షీట్లు పట్టుకుని వస్తాం. ఆదివారాలు ఖాళీగానే ఉంటాం. మామ్మ రెండో బొమ్మకి రంగులు అడిగింది, ఈ వారమే ఇచ్చి వస్తున్నాం.

ఇట్లు,
కార్యదర్శి
శ్రీకాకుళం