నాన్న కాళ్ల లాగుడు తగ్గించినవాళ్లకు

నడుము దగ్గర వెన్నెముక కాలువ ఇరుకై నరాలు నొక్కుకుపోతున్నాయని నాన్న ఎమ్మారైలో తేలింది. ఆపరేషన్ లేకుండా ఇంతదాకా నెట్టుకొచ్చామంటే కొందరి పుణ్యమే.

ముందుగా డాక్టరుగారికి. "మాత్రలతో ఆ ఇరుకు వెడల్పు కాదండీ. నరాల నొప్పి తగ్గుతుందేమో చూద్దాం, గుణం కనిపించకపోతే మానేద్దాం" అని మొదటి రోజే చెప్పేశారు. మందు రాసే ముందు పాదాల దగ్గర నాడి పట్టి చూశారు. నడిస్తే పిక్కలు లాగడం రక్తనాళాల జబ్బులోనూ ఉంటుందట. ఊరికే ఆగి నిలబడితే తగ్గేది అది. నాన్నకేమో కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తప్ప తగ్గదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూసి, రాత్రిపూట తక్కువ మోతాదులో ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు మొదలుపెట్టారు. నాన్న తూలుతున్నారని, పాదాలు వాచాయని ఫోన్ చేస్తే విసుక్కోకుండా మోతాదు ఇంకా తగ్గించారు. మాకు మేముగా ఒక్కసారిగా ఆపొద్దని మాత్రం గట్టిగా చెప్పారు.

వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అడిగినా ఓపిగ్గా వివరించారు. 400 మందిపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, వెన్నులో ఇచ్చే, నొప్పి తెలియనివ్వని మత్తుమందుకు స్టెరాయిడ్ కలిపినా, ఒట్టి మత్తుమందుతో పోలిస్తే ఆరు వారాలకు పెద్దగా తేడా రాలేదట. నాన్నకు షుగర్ కూడా ఉంది, స్టెరాయిడ్‌తో అది పెరుగుతుంది. ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

మందుల షాపు ఫార్మసిస్టుగారికైతే రెండు చేతులా దండం. నాన్న పాత చీటీ పట్టుకుని డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కోసం వెళ్తే ఆయన ఇవ్వలేదు. "బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు నీరు తీసే మాత్ర వాడుతున్నారు కదా, పైన ఇది కూడా పడితే కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరుగారిని అడిగి రండి" అన్నారు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాళ్లు ఎంతమంది ఉంటారు!

ఫిజియోథెరపీ అమ్మాయి నాన్నను కదలని సైకిలు ఎక్కించింది. ముందుకు వంగి తొక్కితే ఆ కాలువ కాస్త తెరుచుకుంటుందట. నాలుగడుగులకే ఆగిపోయే మనిషి దానిమీద హాయిగా తొక్కుతూ కబుర్లు చెబుతున్నారు.

నర్సమ్మగారు రాసిచ్చిన కాగితం ఇంట్లో అందరం చదివాం. మూత్రం ఆగిపోయినా, మల మూత్రాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలహీనపడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలని అందులో ఉంది. అప్పుడిక మాత్రలతో కాలయాపన కుదరదు, ఆపరేషన్ మాటే.

నొప్పి పూర్తిగా పోలేదు. అయితే నాన్న రాత్రిళ్లు నిద్రపోతున్నారు, చేతికర్ర సాయంతో మధ్యమధ్య కూర్చుంటూ నడుస్తున్నారు. మీ అందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.