ఆ రాళ్లను ఎవరూ ఎత్తలేదు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో స్టోన్‌హెంజ్ అనే పురాతన భారీ రాళ్ల వలయం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ 'క్రేన్లు లేని రోజుల్లో ఇంత బరువు ఎవరు ఎత్తారు?' అని మొదలుపెట్టి, గ్రహాంతరవాసుల దాకా వెళ్లి, చివరికి అంతా మిస్టరీ అని చేతులు దులుపుకున్నారు. అసలు ప్రశ్నలోనే తిరకాసు ఉంది. ఆ నిలువు రాళ్లను ఎవరూ గాల్లోకి ఎత్తలేదు.

సుమారు 4,500 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో నిలబెట్టిన ఆ రాళ్లలో అన్నిటికన్నా పెద్దది 30 టన్నుల పైమాటే. వాటి కోసం తవ్విన గుంటలు చూస్తే పని ఎలా జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. చాలా గుంటల్లో ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది, ఎదుటి పక్క నిట్టనిలువుగా ఉంటుంది. రాయిని వాలు మీదుగా జరుపుకుంటూ వస్తే మొదలు గుంటలోకి దిగుతుంది, తల దానంతటదే కొంత లేస్తుంది. ఆ ఊపుకు ఎదుటి గట్టు విరిగిపోకుండా ముందే దాని పొడవునా కర్రలు పాతారు. ఆ తర్వాత మోకులు కట్టి లాగడం, వెనక దుంగలతో మీటడం. రాయి నిలబడ్డాక సందుల్లో రాళ్లు, సుద్దముక్కలు కూరి బిగించారు. తవ్వకానికి వాడిన దుప్పి కొమ్ములు, రాతి సుత్తులు అక్కడే దొరికాయి. నక్షత్రాలు దాటి వచ్చినవాళ్లు దుప్పి కొమ్ములతో మట్టి తవ్వుకున్నారనుకోవాలా?

యంత్రాలు లేకుండా ఇది సాధ్యమేనా అంటే, 1950ల మధ్యలో నార్వే అన్వేషకుడు థోర్ హెయెర్‌డాల్ బృందం పెద్ద పెద్ద రాతి విగ్రహాలున్న పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లినప్పుడు, స్థానికులు 12 మంది కూలిపోయిన విగ్రహాన్ని ఒకదాన్ని లేపి చూపించారు. దాని బరువు 20 టన్నులకు పైనే. దుంగ పెట్టి మీటడం, కాస్త సందు రాగానే అందులో చిన్న రాయి దోపడం, మళ్లీ మీటడం. ఇంతే పని. కింద రాళ్ల కుప్ప పెరిగేకొద్దీ విగ్రహం లేచి, 18 రోజులకు నిలబడింది. ఇక లాగడం సంగతంటారా, 1979లో ఫ్రాన్స్‌లోని బూగాన్ దగ్గర 200 మంది కలిసి 32 టన్నుల దిమ్మను దుంగల మీద లాగేశారు.

స్టోన్‌హెంజ్‌లో నిలువు రాళ్ల పైన పరిచిన అడ్డరాళ్ల కథ వేరు. వాటిని నిజంగానే పైకి చేర్చాలి. చేర్చాక నిలువు రాయి నెత్తిన చెక్కిన బుడిపె, అడ్డరాయి అడుగున తొలిచిన గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అంటే వడ్రంగి పనితనం రాతి మీద చూపించారన్నమాట. ఒక కొన తర్వాత మరో కొనను మీటుతూ, కింద దుంగలు పేర్చుకుంటూ పైకి తెచ్చారని కొందరు నిపుణులు, మట్టి వాలు కట్టి లాగారని కొందరు అంటారు. అంత మట్టి పోసిన ఆనవాళ్లు లేవు కాబట్టి నాకైతే దుంగల మాటే నమ్మబుద్ధవుతుంది. మిస్టరీ అనే మాట వాడి తీరాలనుకుంటే ఇక్కడ వాడుకోండి, అభ్యంతరం లేదు.

మీ అనుబంధం పేజీలను పిల్లలు స్కూల్ ప్రాజెక్టుల కోసం కత్తిరించుకుంటారు. గ్రహాంతరవాసుల బొమ్మకు పావు పేజీ ఇచ్చారు కదా, వచ్చే వారం అంతే చోటులో ఆ గుంట అడ్డకోత బొమ్మ వేయండి. వాలు ఎటు, కర్రలు ఎటు, మోకులు ఎటు లాగారో బాణం గుర్తులు పెడితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు